3018 కిట్టులో సున్నాలు వంకరగా వస్తుంటే ముందు చూడాల్సింది సెట్టింగులు కావు, బిగింపు

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైనది ఇది. 3018 సీఎన్‌సీ రౌటర్ కిట్టు, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే చిన్న యంత్రపు విడిభాగాలు, తెప్పించుకుని సొంతంగా బిగించారు. చెక్క మీద, అక్రిలిక్ మీద తెలుగులో ఇంటి పేర్ల పలకలు చెక్కి అమ్మాలని ఆలోచన. యంత్రం కదులుతోంది, కోస్తోంది. కానీ సున్నాలు కోడిగుడ్డులా వస్తున్నాయి, గీత బయలుదేరిన చోటికి తిరిగి వచ్చి కలవడం లేదు, పని సగంలో ఉండగా కంప్యూటర్‌తో సంబంధం తెగిపోతోంది. సెట్టింగుల్లో స్టెప్పుల అంకె (ఒక మిల్లీమీటరు నడకకి మోటారు వేయాల్సిన అడుగుల లెక్క) మార్చమని ఎవరో చెప్పారు. అది మార్చాలా, లేక దీన్ని అమ్మేసి పెద్ద కిట్టు కొనాలా అని అడిగారు.

రెండూ వద్దు. యంత్రాన్ని విప్పి, సరైన వరుసలో మళ్లీ బిగించండి. కిట్టు కొన్నవాళ్లలో చాలామంది బిగింపును ఒక సాయంత్రం పనిగా ముగించి, తర్వాత నెలల తరబడి సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పడుతుంటారు. యంత్రం ఎంత కచ్చితంగా పనిచేస్తుందో ఆ సాయంత్రమే తేలిపోతుంది. కర్మాగారంలో తయారైన మిల్లింగ్ యంత్రానికి పోత ఇనుము, గ్రైండింగ్ చేసిన పట్టాలు ఆ కచ్చితత్వాన్ని ఇస్తాయి. మన కిట్టుకి దాన్ని అలెన్ కీ పట్టుకున్న మనిషే ఇవ్వాలి.

విప్పకముందు ఒక పరీక్ష చేయండి. స్పిండిల్ (కోసే బిట్టును తిప్పే మోటారు) తీసేసి దాని స్థానంలో సన్న మొన ఉన్న పెన్నును బిగించండి. పెన్ను ఏమాత్రం ఊగకూడదు, ఊగితే పరీక్షే దండగ. బల్ల మీద కాగితాన్ని నాలుగు వైపులా అతికించి, 100 మి.మీ. వ్యాసంతో ఒక వృత్తం గీయించండి. బిట్టుతో కాకుండా పెన్నుతో ఎందుకంటే, కోత బలం వల్ల వచ్చే తప్పు వేరు, ఏ బలమూ లేకుండానే వచ్చే తప్పు వేరు. రెండూ కలగాపులగమైతే ఏది దేనివల్లో తెలియదు.

గీసిన వృత్తాన్ని నాలుగు రకాలుగా కొలవండి: అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఒకవైపు, ఐమూలగా రెండోవైపు. అడ్డం, నిలువు కొలతలు వేరుగా ఉండి ఐమూలలు సమానంగా ఉంటే ఒక అక్షం తన వంతు దూరం నడవడం లేదు. అడ్డం, నిలువు సమానంగా ఉండి ఐమూలలు వేరుగా ఉంటే ఎక్స్ అక్షం (అడ్డం నడక), వై అక్షం (నిలువు నడక) ఒకదానికొకటి లంబంగా లేవు. కొలతలన్నీ దాదాపు సరిగ్గానే ఉండి, వృత్తానికి పైన, కింద, కుడి, ఎడమ కొనల దగ్గర చిన్న చదును గానీ మెట్టు గానీ కనిపిస్తే అది బ్యాక్‌లాష్. ఆ నాలుగు చోట్లే ఎందుకంటే, అక్కడే ఏదో ఒక అక్షం వెనక్కి తిరుగుతుంది. మోటారు తిరగడం మొదలుపెట్టినా నట్టుకీ మరకీ మధ్య ఉన్న సందు నిండేదాకా బల్ల కదలదు. గీత బయలుదేరిన చోటికి వచ్చి కలవకపోవడానికి కూడా సాధారణంగా ఇదే కారణం.

మీ వర్ణన చూస్తే రెండోదీ మూడోదీ కలిసి ఉన్నాయనిపిస్తోంది. ఐమూలల తేడా అర మిల్లీమీటరు వచ్చిందనుకుందాం. 100 మి.మీ. వృత్తంలో అది చిన్నగానే కనిపిస్తుంది. అదే వంకర 180 మి.మీ. వై ప్రయాణం మొత్తంలో దాదాపు 0.9 మి.మీ. అవుతుంది. పలక చుట్టూ అంచు గీత వేసినప్పుడు కంటికే తెలిసిపోతుంది.

ఇక స్టెప్పుల సంగతి. మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది, మోటారును నడిపే డ్రైవర్ చిప్పు ఒక్కో అడుగునీ 16 భాగాలు చేస్తుంది, అంటే చుట్టుకి 3200. 3018 కిట్లలో సాధారణంగా వచ్చే 8 మి.మీ. వ్యాసపు లీడ్‌స్క్రూ (మోటారు తిప్పితే బల్లను జరిపే పొడవాటి మర) చుట్టుకి 4 మి.మీ. ముందుకి జరుపుతుంది. 3200ని 4తో భాగిస్తే 800. కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో $$ అని టైప్ చేసినప్పుడు $100, $101, $102 అన్న మూడు వరుసల్లోనూ 800 కనిపించాలి. ఇది మర చుట్ల లెక్క. మర పొడవు ఎండకీ వానకీ మారిపోదు. చుట్టుకి 8 మి.మీ. జరిపే స్క్రూ వచ్చి ఉంటే మాత్రం అది 400 అవుతుంది. స్క్రూ కొన వైపు నుంచి చూస్తే మర ఎన్ని చోట్ల మొదలవుతోందో కనిపిస్తుంది. నాలుగు చోట్ల మొదలైతే 8, రెండు చోట్లయితే 4.

100 మి.మీ. నడవమంటే 99.4 నడిచింది కాబట్టి 800ని 805 చేయమనేది మీకు వచ్చిన సలహా. ఆ పని చేసే ముందు 10 మి.మీ. కూడా నడిపి చూడండి, రెండుసార్లూ వెనక్కి తిరిగిన తర్వాత కొలవండి. అక్కడా 0.6 తక్కువ వస్తే అది బ్యాక్‌లాష్, 805 చేసినా 10 మి.మీ. దగ్గర అలాగే ఉంటుంది. పది మిల్లీమీటర్ల దగ్గర 0.06 మాత్రమే తగ్గితే అప్పుడు స్టెప్పుల్ని అనుమానించండి. డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) ఉంటే ఈ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. పలకలు అమ్మాలనుకుంటున్నారు కాబట్టి ఒకటి కొనుక్కోండి. అయస్కాంతపు స్టాండుతో కలిపి కొంటే మంచిది. కానీ అయస్కాంతం అల్యూమినియాన్ని పట్టుకోదు, ఒక ఇనుప పలక కూడా దగ్గర పెట్టుకోవాలి.

ఇప్పుడు విప్పండి. వైర్ల రంగులు కనిపించేలా ముందు ఫొటోలు తీసుకోండి. ప్రొఫైల్ ముక్కల్ని (చట్రపు అల్యూమినియం కమ్మీలని) జతలు జతలుగా పక్కపక్కన నిలబెట్టి, పైన వేలితో తడమండి. జతలో ఒకటి పావు మిల్లీమీటరు పొడవున్నా వేలికి తెలుస్తుంది. కోసిన కొనల దగ్గర గరుకు అంచులుంటే ఆకురాయితో తీసేయండి. కొన సరిగ్గా లంబంగా కోసి ఉందో లేదో మూలమట్టం పెట్టి చూడండి. వడ్రంగం తెలిసిన ఇంట్లో ఈ పనిముట్టు ఉండనే ఉంటుంది. కొన ఏటవాలుగా ఉంటే బోల్టు ఎంత గట్టిగా బిగిస్తే చట్రం అంత వంకరపోతుంది.

చట్రాన్ని చదునైన చోట పెట్టి బిగించాలి. ఇంట్లో దొరికే చదునైన చోటు వంటగది గ్రానైట్ గట్టు, ఇంట్లోవాళ్ల అనుమతి ఉంటే. నాలుగు బోల్టులూ సగం బిగించి, నాలుగు మూలల కింద ఒక్కో కాగితం ముక్క పెట్టి లాగి చూడండి. మామూలు ప్రింటర్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఉంటుంది. ఏ మూలన కాగితం తేలిగ్గా వచ్చేస్తుందో ఆ మూల లేచి ఉన్నట్టు. చట్రాన్ని చేత్తో గట్టుకి అదిమి పట్టుకుని అప్పుడు పూర్తిగా బిగించండి. తర్వాత ఐమూలలు కొలవండి. రెండూ సమానంగా వచ్చేదాకా చట్రాన్ని తట్టి సరిచేయాలి. తట్టడానికి సుత్తి వాడకండి, చెక్క ముక్క చాలు.

తర్వాత రాడ్లు, అంటే బల్ల జారే గుండ్రటి ఉక్కు కడ్డీలు. ఎక్కువ కిట్లు చెడేది ఇక్కడే. రెండు రాడ్లూ సమాంతరంగా లేకపోతే బల్ల ఒక కొన దగ్గర జారుతుంది, మరో కొన దగ్గర బిగుసుకుంటుంది. బిగుసుకున్న చోట మోటారు అడుగులు తప్పుతుంది, వదులైన చోట బల్ల ఊగుతుంది. రాడ్లను పట్టుకునే స్క్రూలన్నీ వదులుగా ఉంచి, బల్లను ఒక చివరికి తోయండి. ఆ చివర స్క్రూలు బిగించండి. బల్లను రెండో చివరికి తోసి అక్కడి స్క్రూలు బిగించండి. బల్లే రాడ్లని తమ స్థానంలో కూర్చోబెడుతుంది. అయ్యాక లీడ్‌స్క్రూ తగిలించకుండా చేత్తో అటూ ఇటూ తోయండి. చట్రాన్ని కాస్త ఏటవాలుగా ఎత్తితే బల్ల తన బరువుతోనే చివరిదాకా జారాలి. మధ్యలో ఆగితే ఇంకా పని మిగిలి ఉంది, ముందుకి పోకండి.

లీడ్‌స్క్రూ నట్టుకీ ఇదే పద్ధతి. ఇత్తడి నట్టును పట్టుకునే రెండు మూడు స్క్రూలని వదులుగా ఉంచి, బల్లను మోటారు వైపు కొనకి తెచ్చి, అక్కడ బిగించాలి. స్క్రూకి ఊగే అవకాశం అతి తక్కువ ఉండేది ఆ కొన దగ్గరే. మధ్యలో ఉండగా బిగిస్తే కొనకి వెళ్లినప్పుడల్లా స్క్రూ వంగుతుంది. స్ప్రింగుతో రెండు నట్లున్న రకమైతే స్ప్రింగు నొక్కుకుని ఉందో లేదో చూడండి. తొందరలో దాన్ని నొక్కకుండానే తొడిగేయడం మామూలు.

మోటారు ఇరుసునీ స్క్రూనీ కలిపే కప్లింగ్‌ను కాస్త దగ్గరగా చూడండి. మోటారు ఇరుసు 5 మి.మీ., స్క్రూ 8 మి.మీ. మోటారు ఇరుసు మీద ఒకవైపు చదునుగా గీసి ఉంటుంది. కప్లింగ్‌లోని చిన్న గ్రబ్ స్క్రూ సరిగ్గా ఆ చదును మీదే కూర్చోవాలి. గుండ్రటి వైపు కూర్చుంటే మొదటి రోజు బాగానే ఉంటుంది, నాలుగు పలకలు కోశాక జారడం మొదలవుతుంది. మార్కర్‌తో కప్లింగ్ మీదా ఇరుసు మీదా కలిపి ఒక గీత గీయండి. పని అయ్యాక ఆ గీత విడిపోయి కనిపిస్తే దొంగ దొరికినట్టే. మురి కోసిన కప్లింగ్ అయితే ఇంకో చిక్కు ఉంది: అది స్ప్రింగులా సాగుతుంది. స్క్రూ ముందుకీ వెనక్కీ కదలకుండా బేరింగు, కాలరు పట్టుకోవాలి గానీ ఆ బాధ్యత కప్లింగ్ మీద పడకూడదు. స్క్రూ కొనను వేళ్లతో పట్టి పొడవు దిశలో లాగి చూడండి. టక్కుమని కదిలితే బ్యాక్‌లాష్ నట్టుది కాదు, ఇక్కడిది. చాలామంది నట్టు మీద నట్టు మారుస్తూ ఈ చోటును చూడరు.

గాంట్రీ (స్పిండిల్‌ను మోసే అడ్డ వంతెన) నిలువు పలకలు బేకలైట్‌తో గానీ అక్రిలిక్‌తో గానీ చేసి ఉంటే, వాషర్ లేకుండా బిగించకండి, పగులుతాయి. లంబం సరిచేయాల్సింది ఇక్కడే. 3018లో గాంట్రీ కదలదు, బల్ల కదులుతుంది. కాబట్టి ఎక్స్ అక్షం వంకర ఉంటే నిలువు పలకల్లో ఒకదాన్ని ముందుకో వెనక్కో జరపాలి. పెన్ను మళ్లీ తగిలించి 240 మి.మీ. అడ్డం, 180 మి.మీ. నిలువు ఉన్న దీర్ఘచతురస్రపు నాలుగు మూలలు చుక్కలుగా పెట్టించండి. వై ప్రయాణం పూర్తి 180 రాకపోతే 200, 150 తీసుకోండి, ఐమూల 250 రావాలి. 240, 180కి ఐమూల 300 రావాలి, రెండువైపులా. ఒకటి 300.8, ఇంకోటి 299.2 వస్తే గాంట్రీ 180 మి.మీ.కి ఒక మిల్లీమీటరు చొప్పున తప్పు కోణంలో ఉంది. ఎటు జరపాలో మొదటిసారి అర్థం కాదు. కాస్త జరిపి మళ్లీ చుక్కలు పెట్టించండి, తేడా తగ్గితే అదే దిక్కు.

ఇంత శ్రమ పడినా 3018 కొంత వంగుతుంది. ఎంత వంగుతుందో లెక్క వేసుకుంటే దాన్నించి ఏం ఆశించాలో తెలుస్తుంది. 10 మి.మీ. ఉక్కు రాడ్డు, ఆనుకున్న చోట్ల మధ్య దూరం 300 మి.మీ., మధ్యలో సుమారు 5 కిలోల బరువంత తోపు. రెండు కొనలూ ఊరికే ఆనించి ఉన్నాయనుకుంటే రాడ్డు 0.29 మి.మీ. వంగుతుంది. రెండు రాడ్లు పంచుకుంటే 0.14. మిగతా భాగాల వదులు దీనికి అదనం. అందుకే దీనితో చెక్క, అక్రిలిక్, సర్క్యూట్ బోర్డు హాయిగా కోయొచ్చు, అల్యూమినియం పైపైన గీకొచ్చు, ఉక్కు మాట ఎత్తకూడదు.

ఇదే సూత్రం బిట్టుకీ వర్తిస్తుంది. వంపు పొడవుకి ఘనంలో పెరుగుతుంది. బిట్టు 20 మి.మీ. బయటికి ఉంటే ఎంత వంగుతుందో, 30 మి.మీ. ఉంటే దానికి మూడు రెట్లకి పైగా వంగుతుంది. పలక మందం 12 మి.మీ. అయితే బిట్టును అంతకి కాస్త ఎక్కువే బయటికి పెట్టండి, పూర్తి పొడవు వదలకండి. బిట్టును పట్టుకునే కొల్లెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈఆర్11 కొల్లెట్‌ను ముందు నట్టులో టక్కుమనేలా నొక్కి కూర్చోబెట్టి, ఆ తర్వాత ఇరుసుకి ఎక్కించి, అప్పుడు బిట్టు పెట్టాలి. కొల్లెట్‌ను ఇరుసులో పడేసి పైనుంచి నట్టు బిగిస్తే అది పక్కకి కూర్చుంటుంది, బిట్టు కొన ఊగుతుంది, విప్పేటప్పుడు కొల్లెట్ లోపలే ఇరుక్కుంటుంది.

స్పిండిల్ బల్లకి నిటారుగా ఉందో లేదో తేల్చడానికి కొల్లెట్‌లో వంచిన తీగ బిగించి, చేత్తో తిప్పుతూ బల్ల మీద నాలుగు దిక్కులా కొన ఎంత ఎత్తులో ఉందో కాగితంతో చూడండి. తేడా ఉన్నవైపు స్పిండిల్ బిగింపు కింద పలుచటి రేకు ముక్క చాలు. తర్వాత బల్ల మీద 12 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసిన) పలక బిగించి, ఆ యంత్రంతోనే దాని పైభాగాన్ని చదును చేయండి. పలక ఎంత వంకర ఉన్నా, యంత్రం తన కొలతకి తానే చదును చేసుకున్నాక లోతు అన్నిచోట్లా ఒకటే వస్తుంది. అక్షరాలు ఒకవైపు లోతుగా, ఇంకోవైపు గీతల్లా రావడం దీంతో చాలావరకు పోతుంది.

కంప్యూటర్‌తో సంబంధం తెగిపోవడానికి వద్దాం. మీ స్పిండిల్ 775 రకం బ్రష్ మోటారు. బ్రష్‌ల దగ్గర నిరంతరం నిప్పురవ్వలు లేస్తుంటాయి, ఆ విద్యుత్ గోల యూఎస్‌బీ తీగలోకి ఎక్కుతుంది. మొదట తేలికైన పరీక్ష: ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. తెగడం ఆగిపోతే లోపం ఎర్తింగ్‌ది. మన పాత ఇళ్లలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టెస్టు చేయించండి. యంత్రం చట్రానికి కూడా ఎర్తు తీగ కలపాలి. ఎండీఎఫ్ పొట్టు లాగే వాక్యూమ్ గొట్టం స్థిర విద్యుత్తును పోగేస్తుంది, అది కూడా బోర్డును రీసెట్ చేయగలదు.

అయినా తెగుతుంటే మోటారు రెండు కొనల మధ్య 104 అని రాసి ఉండే సెరామిక్ కెపాసిటర్, అంటే 0.1 మైక్రోఫారడ్, సోల్డర్ చేయండి. ఒక్కో కొన నుంచి మోటారు లోహపు ఒంటికి ఒక్కోటి వేస్తే ఇంకా నయం. స్పిండిల్‌కి వెళ్లే రెండు తీగలనీ మెలితిప్పి, యూఎస్‌బీ తీగకి దూరంగా నడపండి. యూఎస్‌బీ తీగ పొట్టిదీ, ఫెరైట్ ఉండ ఉన్నదీ వాడండి. కంప్యూటర్ యూఎస్‌బీని నిద్రపుచ్చే విద్యుత్ పొదుపు సెట్టింగును ఆపేయండి. ఒక హెచ్చరిక: విద్యుత్తు ఉండగా స్టెప్పర్ మోటారు ప్లగ్గును ఎప్పుడూ పీకకండి. డ్రైవర్ చిప్పు కాలిపోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

బోర్డులో నడిచే ప్రోగ్రాం జీఆర్‌బీఎల్. 2009లో సిమెన్ స్వాలే స్కోగ్‌స్రూద్ మొదలుపెట్టారు, తర్వాత సన్నీ జియోన్ దాన్ని చాలాకాలం పెంచి పోషించారు. ఎనిమిది బిట్ల ఏటీమెగా328పీ అనే చిన్న చిప్పు మీద ఇంత పని చేయించడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. కానీ దానికీ హద్దుంది, సెకనుకి సుమారు 30 వేల పల్సులు. మి.మీ.కి 800 స్టెప్పులైతే నిమిషానికి 2250 మి.మీ. దగ్గర ఆ హద్దు వచ్చేస్తుంది. వేగంగా నడవాలని, గరిష్ఠ వేగాన్ని చెప్పే $110లో 5000 రాసినవాళ్లని చూశాను. రాసినంత మాత్రాన చిప్పు పరుగెత్తదు, అడుగులు తప్పుతుంది. 1500 దాకా పెట్టుకోండి, మీ పనికి ఎక్కువే.

దిశల విషయంలో ఒక గందరగోళం అందరికీ ఎదురవుతుంది. కదిలే బల్ల ఉన్న యంత్రంలో వై ప్లస్ నొక్కితే బల్ల మీవైపు రావాలి, ఎందుకంటే లెక్క బిట్టుది, బల్లది కాదు. బల్ల మీవైపు వస్తే బిట్టు పలక మీద దూరంగా వెళ్లినట్టే. ఇది తిరగబడి ఉంటే అక్షరాలు అద్దంలో చూసినట్టు వస్తాయి. $3 విలువతో సరిచేయవచ్చు. అందులో ఎక్స్‌కి 1, వైకి 2, జడ్‌కి 4. తిప్పాల్సినవాటిని కూడి రాయాలి.

కోత వేగాలకి వస్తే, లెక్క ఇలా ఉంటుంది: నిమిషానికి తిరిగే చుట్లు, బిట్టుకున్న అంచుల సంఖ్య, ఒక్కో అంచు కొరికే మందం, ఈ మూడింటి లబ్ధమే ఫీడు, అంటే బిట్టు నిమిషానికి నడిచే దూరం. 8000 చుట్లు, రెండు అంచులు, 0.04 మి.మీ. కొరుకుడు అయితే నిమిషానికి 640 మి.మీ. చెక్కకి, ఎండీఎఫ్‌కి 3.175 మి.మీ. బిట్టుతో ఇదే ఫీడు, ఒక్కో పాసుకి అర మిల్లీమీటరు లోతుతో మొదలుపెట్టండి. శబ్దం, పొట్టు బాగుంటే లోతు పెంచుకోండి. చెక్కకి పొట్టు రావాలి. పిండి వస్తే బిట్టు కొరకడం మాని రాపాడుతున్నట్టు. భయపడి ఫీడు తగ్గించేకొద్దీ రాపిడి పెరిగి, వేడెక్కి, చెక్క మాడి బిట్టు మొద్దుబారుతుంది. టేకులో ముడి దగ్గర మాత్రం నిదానించాలి.

అక్రిలిక్‌కి ఒకే అంచున్న బిట్టు వాడండి. పోత పోసిన అక్రిలిక్ షీటు అడిగి కొనండి. ఎక్స్‌ట్రూడెడ్ రకం చౌక గానీ కరిగి బిట్టుకి జిగురులా చుట్టుకుంటుంది. చుట్టుకుంటే చుట్లు తగ్గించి ఫీడు పెంచాలి, చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. రెండింటికీ కళ్లద్దాలు తప్పనిసరి. ఎండీఎఫ్ దుమ్ముకి జేబురుమాలు చాలదు, ఎన్95 లాంటి మాస్కు కావాలి. తిరిగే స్పిండిల్ దగ్గర చేతి తొడుగులు, మెడలో తువ్వాలు వద్దు. కోత నడుస్తుండగా భోజనానికి వెళ్లకండి. చెక్కలో ఇరుక్కున్న బిట్టు నిప్పు పుట్టించగలదు.

మీ అసలు పని తెలుగు అక్షరాలు కాబట్టి వాటి గురించి కాస్త వివరంగా. కోత దారి తయారుచేసే చాలా ప్రోగ్రాముల్లో నేరుగా తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్కకి జరుగుతాయి. ‘శ్రీ’ అని కొడితే శ, రావత్తు, దీర్ఘం వేర్వేరుగా కనిపించవచ్చు. ఇంక్‌స్కేప్‌లో టైప్ చేయండి, అది తెలుగును సరిగ్గా కూర్చుతుంది. అక్కడే అక్షరాల్ని గీతలుగా మార్చి, ఎస్‌వీజీగా దాచి, ఆ తర్వాత కోత ప్రోగ్రాంలోకి తీసుకెళ్లండి. గీతలుగా మార్చాక ఇంకో పని ఉంది. అక్షరమూ వత్తూ ఒకదానిమీద ఒకటి ఎక్కిన చోట రెండు గీతలుంటాయి, బిట్టు రెండింటినీ కోస్తుంది. యూనియన్ ఆదేశంతో వాటిని ఒకటి చేయాలి. ‘లక్ష్మీ’, ‘వెంకటేశ్వర’ లాంటి పేర్లలో దీన్ని మరిచిపోతే వత్తు అక్షరం నుంచి తెగి ఊడిపోతుంది.

ఫాంటు ఎంపిక కూడా యంత్రాన్ని బట్టే ఉండాలి. ఉచితంగా దొరికేవాటిలో రామభద్ర లావుగా ఉంటుంది, చిన్న పలకల మీద కూడా బిట్టు లోపలికి వెళ్లేంత చోటిస్తుంది. సన్నటి ఫాంట్లలో ‘ఘ’, ‘ఝ’ లోపలి సందుల్లోకి 3 మి.మీ. బిట్టు దూరదు. వాటికి మొనదేలిన వీ బిట్టు కావాలి. దానిలో లోతు, వెడల్పు కలిసి నడుస్తాయి. 90 డిగ్రీల బిట్టు లోతుకి రెట్టింపు వెడల్పు కోస్తుంది, అంటే 6 మి.మీ. గీతకి 3 మి.మీ. లోతు. 60 డిగ్రీలదైతే అదే గీతకి 5.2 మి.మీ. లోతుకి దిగాలి. పలక మందం 6 మి.మీ. అయినప్పుడు ఈ లెక్క ముందే వేసుకోకపోతే తలకట్లు అటువైపు తొంగిచూస్తాయి. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో చాలావరకు సూటి గీతలే కాబట్టి బ్యాక్‌లాష్ కొంత దాగుతుంది. తెలుగులో దాగదు. ‘ర’, ‘ఠ’, ‘ం’ ఒక వరుసలో రాయించి చూస్తే యంత్రం ఆరోగ్యం అక్కడికక్కడే తేలిపోతుంది. కొత్త యంత్రానికి నేను పెట్టే పరీక్ష ‘రథం’.

పెద్ద కిట్టు గురించి. తలుపు చెక్కలు చెక్కాలన్న కోరిక మంచిదే, కానీ 3018కే పొడవాటి రాడ్లు, పొడవాటి ప్రొఫైళ్లు కొని సాగదీయకండి. పైన చెప్పిన రాడ్డు లెక్కలో 300ని 600 చేస్తే వంపు రెట్టింపు అవదు, ఎనిమిది రెట్లవుతుంది, ఒక్కో రాడ్డుకి మిల్లీమీటరు దాటుతుంది. 8 మి.మీ. స్క్రూ అంత పొడవున తిరిగితే మధ్యలో తాడులా ఊగుతుంది. పెద్దది కావాలంటే నిర్మాణమే మారాలి. రాడ్ల స్థానంలో పొడవునా ఆధారం ఉన్న లీనియర్ పట్టాలు, లీడ్‌స్క్రూ స్థానంలో 1605 బాల్‌స్క్రూ, అంటే 16 మి.మీ. వ్యాసం, చుట్టుకి 5 మి.మీ. నడక. పెద్ద సైజు నెమా 23 మోటార్లు, వాటికి విడి డ్రైవర్లు. ఇనుప చట్రమైతే అల్యూమినియం కంటే చౌకగా, బిగువుగా వస్తుంది. వెల్డింగ్ చేశాక వంకరపోతుంది కాబట్టి బోల్టులతో కూర్చే డిజైన్లు చూడండి. విడిగా ఎస్‌ఎంపీఎస్ (విద్యుత్ సరఫరా పెట్టె) కొంటే పక్కనున్న చిన్న స్విచ్ 115 మీద ఉందో 230 మీద ఉందో ప్లగ్గు పెట్టకముందే చూడండి. ఆర్డ్వినో బోర్డు మీద సీఎన్‌సీ షీల్డ్ (మోటారు డ్రైవర్లు గుచ్చే పై బోర్డు) వేసుకుంటే, పాత షీల్డ్ మీద జడ్ లిమిట్ స్విచ్ అని రాసిన పిన్నూ స్పిండిల్ అని రాసిన పిన్నూ జీఆర్‌బీఎల్ 1.1లో తారుమారై ఉంటాయని గుర్తుంచుకోండి.

అదంతా తర్వాత. ముందు 3018 మీద పది పలకలు అమ్మండి, గిరాకీ ఉందో లేదో తేలుతుంది. మళ్లీ బిగించాక కూడా సున్నా కలవకపోతే ఇక్కడే రాయండి. రాసేటప్పుడు వృత్తపు నాలుగు కొలతలు, 10 మి.మీ., 100 మి.మీ. నడకల ఫలితం, $$ కొడితే వచ్చే పట్టిక మొత్తం, కప్లింగ్ దగ్గర నుంచి తీసిన ఒక ఫొటో పెట్టండి. ‘బాగా రావడం లేదు’ అని మాత్రం రాస్తే నేను మళ్లీ ఇవే అడగాల్సి వస్తుంది.